ఈల గుర్తు

మా పార్టీ మొత్తం ఒక్క ఆటోలో పడుతుంది,
నడిపేవాడితో కలిపి.
నడిపే లోకనాథమే ప్రధాన కార్యదర్శి.
అధ్యక్షుడు దాలినాయుడు, షిప్‌యార్డులో వెల్డరు చేసి
కళ్లమంటలతో రిటైరైన మనిషి.
కోశాధికారిని నేను.
కోశం, ఒక బిస్కట్ల డబ్బా.

రిజిస్ట్రేషన్ కాగితంలో మాకో పొడుగాటి పేరుంది,
ఐక్య అనీ వేదిక అనీ.
జ్ఞానాపురంలో ఎవరూ అంత దూరం పలకరు.
కిందటి తుఫానుకి గెడ్డ పొంగి
మంచాల కింద చెప్పులు ఈదిన రాత్రి పుట్టాం గనక
గెడ్డ పార్టీ అన్నారు.
కొందరు ముక్కు మూసుకుని అన్నారు.

గుర్తుకి గొడుగు అడిగాం. లేదన్నారు.
కుట్టుమిషను అడిగాం, మా ఆడవాళ్ల మాట మీద.
అదీ ఎవరో ఎగరేసుకుపోయారు.
ఈల మిగిలింది.
"ఈలేటి, నా మొకం," అన్నాడు దాలినాయుడు
ఆఫీసు మెట్ల మీదే కూలబడి,
"ఈల ఊదినోడు ఆటాడతాడేటి?"

పైడిరత్నం మాత్రం నవ్వింది.
ఆవిడే మా అభ్యర్థి.
ఇరవై రెండేళ్లు ఇదే వార్డులో చెత్తబండి తోసింది.
వయసు మీరిందని తీసేస్తే
బండి అప్పజెప్పింది గానీ
మెడలో ఈల ఇవ్వలేదు.

అప్పుడు తట్టింది మాకు.
తెల్లారి ఆరింటికి ప్రతి సందులోనూ
మునిసిపాలిటీ వాళ్లే మా గుర్తు ఊదుతున్నారు!
అట్టు పెనం మీద వదిలేసి మరీ
జనం బకెట్లతో బయటికొస్తున్నారు.
నాలుగు రోజులు మేం రాజులం.
అయిదోనాడు పెద్దపార్టీ వాళ్లు ఫిర్యాదు పెట్టారు.
పోలింగు అయ్యేదాకా చెత్తబండి ఈల వేయరాదని
సంతకంతో సహా ఉత్తర్వు వచ్చింది.
బండి మూగగా వచ్చి మూగగా పోయింది.
గుమ్మాల్లో చెత్త మాగింది.
మీవల్లే అని తిట్టారు. నిజమే కదా.

వాళ్లు పంచినవి మేం పంచలేదు.
పంచుదామన్నా డబ్బాలో ఉన్నది నాలుగు వేల చిల్లర.
కరపత్రాలు అరుగుల మీద పెడితే
సాయంత్రానికి పోర్టు బొగ్గుపొడి పడి
పైడిరత్నం ఫొటోకి మీసాలొచ్చాయి.
ఓటేసి వచ్చినవాళ్ల వేళ్ల మీద
సిరా ఏదో, మసి ఏదో తెలియలేదు.

లెక్కింపు మాకు పదకొండింటికే అయిపోయింది.
రెండు వందల పదమూడు.
దాలినాయుడి ఇంట్లో ఓట్లు ఏడు.
వాళ్ల పోలింగ్ బూత్‌లో మాకు పడ్డవి అయిదు.
అన్నం పెట్టే చేతుల్ని
అడగటం దేనికంటాడు.

ఆ రాత్రి ఆటోలో ఎవరం మాట్లాడలేదు.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఎవరిదో ఊరేగింపు,
లారీలన్నీ ఆగిపోయాయి.
ముందే కొనిపెట్టిన బంతిపూల దండ
సందు మొదట్లో మేకకి పెట్టింది పైడిరత్నం.
అది కూడా సగం తిని వదిలేసింది.

నెల తిరక్కుండా, ఒకరోజు చీకటితోనే
నా తలుపు కొట్టింది.
"బేగి రా, కోశాధికారీ. గెడ్డకాడికి జేసీబీ వొచ్చింది.
గెలిసినోళ్లు ఫొటో దిగి ఎల్లిపోతారు.
అది ఎంతమట్టుకు తవ్వుతాదో మనవే సూడాల."

ఫొటో దిగారు. వెళ్లిపోయారు.
జేసీబీ నాలుగు తొట్ల బురద ఎత్తి గట్టున పోసి,
మా ఇళ్ల మలుపు దాకా కూడా రాకుండా
వెనక్కి తిరగబోయింది.

పైడిరత్నం మెడలో ఈల పైకి లాగి
పైటకి తుడిచి
ఊదింది.

డ్రైవరు కుర్రాడు బ్రేకు తొక్కి
తల బయటపెట్టి చూశాడు.
సందుల్లో ఒక్కో తలుపూ తెరుచుకుంది.
జనం వచ్చారు చెత్తబకెట్లతో,
బండి ఏదీ అని అడుగుతూ.